పెరటి చెట్టు వైద్యానికి పనికొచ్చిన కథ

ఆఫీసు క్యాంటీన్లో ఆయుర్వేదం మాటొస్తే చాలు, టేబుల్ రెండు పార్టీలుగా చీలిపోతుంది. మొదటి పార్టీ వాళ్ళు "అన్నీ మన ఋషులు ఎప్పుడో కనిపెట్టేశారు, తెల్లవాళ్ళు ఎత్తుకెళ్ళి పేటెంట్లు చేసుకున్నారు" అంటారు. రెండో పార్టీ వాళ్ళు "ఆకులూ అలములూ తింటే రోగాలు తగ్గుతాయా, ట్రయల్స్ ఏవి, డేటా ఏది" అంటారు. అరగంట అరుచుకున్నాక ఎవరి మీటింగుకి వాళ్ళు వెళ్ళిపోతారు. మర్నాడు మొదటి పార్టీ నుంచి ఓ ఫార్వర్డ్ వస్తుంది, అందులో తప్పకుండా పసుపు పేటెంట్ కథ ఉంటుంది. అది నిజమే లెండి. 1995లో అమెరికాలో ఇచ్చిన ఆ పేటెంటుని మన సీఎస్ఐఆర్ సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. కానీ పసుపు కథలో కొత్త మందేమీ పుట్టలేదు.

ఈ గొడవ విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఇంకో మొక్క. సర్పగంధ. పాతాళగంధి అని కూడా అంటారు. గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు అన్నీ దీని చుట్టాలే, ఒకటే కుటుంబం. మోకాలెత్తు పొద, తెల్లటి పూలు, ఎర్రటి కాడలు, పండితే నల్లబడే చిన్న కాయలు. చూడ్డానికి ఏమీ గొప్పగా ఉండదు. సరుకంతా వేరులో ఉంది. దీని కథ పూర్తిగా చదివితే ఆ రెండు పార్టీలూ ఓడిపోతాయి, అందుకే నాకిష్టం :)

ముందుగా పేరు సంగతి. శాస్త్రీయ నామం రౌవోల్ఫియా సర్పెంటీనా. రౌవోల్ఫ్ అనేవాడు పదహారో శతాబ్దంలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ డాక్టరు. మొక్కల కోసం 1573లో బయలుదేరి అలెప్పో, బాగ్దాద్ దాకా తిరిగాడు గానీ ఇండియా వైపు రానేలేదు. ఆయన పోయాక వందేళ్ళు దాటి, 1703లో ప్లూమియర్ అనే ఫ్రెంచి సన్యాసి అమెరికా ఖండపు మొక్కలకి పేర్లు పెడుతూ ఒక జాతికి ఈయన పేరు తగిలించాడు. మన మొక్క తర్వాత ఆ జాతిలో చేరింది. అంటే ఈ మొక్కని జన్మలో చూడని మనిషి పేరు దీనికి శాశ్వతంగా ఉండిపోయింది. ఎప్పుడో మానేసిన డెవలపర్ పేరు కోడ్ ఫైల్ మొదట్లో అలాగే మిగిలిపోయినట్టు.

ఇక మన పేరు. సర్పగంధ అన్నది పాత వైద్య గ్రంథాల్లో ఉంది. అయితే అది ఈ మొక్కేనా, ఇంకోటా అన్న దాని మీద పండితుల్లోనే వాదన ఉంది. ఎక్కువగా చెప్పుకున్న ఉపయోగం పాముకాటు. ముంగిస పాముతో పోట్లాడే ముందు ఈ వేరు నమిలి వెళ్తుందన్న కథ మీరూ వినే ఉంటారు. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా పుస్తకంలో కూడా పాముకాటు వేర్లూ, ముంగిస ముచ్చటా ఉన్నాయి. తమాషా ఏమిటంటే, ఏ పనికైతే దానికా పేరొచ్చిందో ఆ పని అది చెయ్యదు. పాము విషానికి ఇది విరుగుడు కాదు. మొదటి పార్టీకి ఇది మొదటి దెబ్బ.

కానీ రెండో పార్టీ సంబరపడక్కర్లేదు. బీహార్ వైపు పల్లెల్లో దీనికి ఇంకో పేరుంది - "పాగల్ కీ దవా". పిచ్చికి మందు. నిద్రపట్టని వాళ్ళకీ, ఉద్రేకంతో కొట్టుకులాడే రోగులకీ ఈ వేరు పొడి ఇచ్చేవాళ్ళు. ఈ సంగతి పెద్ద పెద్ద గ్రంథాల్లో కన్నా పల్లెటూరి వాడకంలోనే ఎక్కువగా బతికింది. దీన్నే పట్టుకుని 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు ఒక వైద్య పత్రికలో వ్యాసం రాశారు. సేన్ గారు కవిరాజు, అంటే ఆయుర్వేద వైద్యుడు, ఇంగ్లీషు వైద్యం డిగ్రీ కూడా ఉన్నవాడు. పిచ్చికీ, రక్తపోటుకీ ఒక కొత్త భారతీయ మందు అని వ్యాసం పేరులోనే చెప్పేశారు. వేరు పొడి 20 నుంచి 30 గ్రెయిన్లు, రోజుకి రెండు సార్లు. దాంతో నిద్ర వస్తుంది, ఉద్రేకం తగ్గుతుంది, రక్తపోటు కూడా దిగుతుంది అని.

ఆ చివరి ముక్క చూశారా? రక్తపోటు. దాన్ని కొలిచే పట్టీ వచ్చిందే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో. కాబట్టి ఈ వేరు బీపీ తగ్గిస్తుందన్న సంగతి ఏ ఋషికీ తెలిసే వీల్లేదు. పాత మందునీ కొత్త కొలతనీ పక్కపక్కన పెట్టిన మనిషికే అది కనబడుతుంది. రెండు వైద్యాలూ చదివిన సేన్ గారికి కనబడడంలో ఆశ్చర్యం లేదు.

సరిగ్గా అదే సంవత్సరం, 1931లో, ఢిల్లీలో ఇంకో పని జరుగుతోంది. హకీం అజ్మల్ ఖాన్ పేరు మీరు స్వాతంత్ర్యోద్యమం పాఠంలో చదివే ఉంటారు, కాంగ్రెస్ అధ్యక్షుడిగా కూడా చేశాడు. ఆయన వృత్తి యునానీ వైద్యం. ఢిల్లీలో ఆయన పెట్టిన ఆయుర్వేద, యునానీ టిబ్బియా కాలేజీని 1921లో గాంధీ ప్రారంభించారు. అక్కడ పాత మందుల మీద ఆధునిక రసాయన పరిశోధన జరగాలని అజ్మల్ ఖాన్ పట్టుదల. దానికోసం ఆయన ఎంచుకున్న కుర్రాడు సలీముజ్జమాన్ సిద్దిఖీ. అలీగఢ్‌లో తత్వశాస్త్రం, పారశీకం చదివి, తర్వాత జర్మనీ వెళ్ళి ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1927లో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నాడు. (తత్వశాస్త్రం నుంచి కెమిస్ట్రీకి! మనవాళ్ళు మెకానికల్ చదివి జావాలోకి రావడం గురించి జోకులేస్తారు గానీ, ఇది ముందు నుంచీ ఉన్నదే.) ఆయన తిరిగొచ్చి పని మొదలుపెట్టే లోపలే, 1927 డిసెంబర్లో అజ్మల్ ఖాన్ పోయారు.

సిద్దిఖీ చేతికి తీసుకున్న మొక్కల్లో సర్పగంధ ఒకటి. రఫత్ హుసేన్ సిద్దిఖీతో కలిసి 1931లో ఫలితాలు ప్రచురించాడు. వేరు నుంచి అయిదు ఆల్కలాయిడ్లు శుభ్రమైన స్ఫటికాలుగా బయటికొచ్చాయి. ఆల్కలాయిడ్ అంటే మొక్కలు తయారుచేసే, నత్రజని ఉన్న, సాధారణంగా చేదుగా ఉండే క్షార పదార్థం. కెఫీన్, నికోటిన్, క్వినైన్ అన్నీ ఈ బాపతే. పోయిన గురువు గారి పేరు మీద అజ్మలీన్, అజ్మలిసీన్, అజ్మలినీన్ అని మూడింటికి, మొక్క పేరు మీద సర్పెంటీన్, సర్పెంటినీన్ అని రెండింటికి పేర్లు పెట్టాడు.

కలకత్తాలో మందు పనిచేస్తుందని తెలిసింది, ఢిల్లీలో దాని రసాయనాలు బయటపడ్డాయి. రెండూ ఒకే ఏడాది, ఒకే దేశంలో. ఇక కలిపేస్తే అయిపోయినట్టే కదా? కాలేదు. ఇంకో ఇరవై ఒక్క ఏళ్ళు పట్టింది, అదీ స్విట్జర్లాండులో. ఎందుకు పట్టిందన్నదే నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే సంగతి.

వేరు నుంచి ఆల్కలాయిడ్ తీసే పద్ధతి స్థూలంగా ఇలా ఉంటుంది. పొడిని ఆల్కహాల్లో నానబెట్టి సారం తీస్తారు. దాన్ని ఆమ్లం కలిపిన నీళ్ళతో కడుగుతారు. ఆల్కలాయిడ్లు క్షారాలు కాబట్టి ఆమ్లంతో కలిసి లవణాలై నీళ్ళలోకి వచ్చేస్తాయి. మిగిలినదంతా నల్లటి జిగురు. నీళ్ళలోకి వచ్చినదాన్ని శుద్ధి చేస్తే అందమైన స్ఫటికాలు వస్తాయి. కెమిస్టు ఆ స్ఫటికాల కరిగే ఉష్ణోగ్రత కొలుస్తాడు, ఫార్ములా కడతాడు, పేపర్ రాస్తాడు. జిగురు పక్కకి పోతుంది. అప్పటి కెమిస్టులకి అదే రివాజు, సిద్దిఖీని తప్పు పట్టడానికేం లేదు.

కానీ బీపీ తగ్గించేది, నిద్రపుచ్చేది ఆ జిగురులో ఉంది.

లాగ్ ఫైల్ మీద గ్రెప్ కొట్టి, "ఎర్రర్" అని ఉన్న లైన్లన్నీ వేరుగా తీసి వాటినే మూడు రోజులు చూస్తూ కూర్చుంటాం చూడండి.. అసలు కారణం "ఇన్ఫో" అని ఉన్న లైన్లో ఉంటుంది. అదీ పరిస్థితి. మనకి కావలసిన పదార్థం ఆల్కలాయిడే గానీ, చాలా బలహీనమైన క్షారం. ఆమ్లం వేసినా గట్టిగా లవణమై నీళ్ళలోకి రాదు, జిగురులోనే ఉండిపోతుంది.

ఈ సంగతి వాసన పట్టింది కూడా మనవాళ్ళే. కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో రామ్ నాథ్ చోప్రా అనే ఆయన ఉండేవారు. భారతదేశంలో ఫార్మకాలజీకి పితామహుడని పేరు. ఆయన బృందం 1933 నుంచి సర్పగంధ సారాన్ని జంతువుల మీద పరీక్షించింది. 1940ల్లో కలకత్తా పరిశోధకులు, స్ఫటికాల్లా వచ్చిన ఆల్కలాయిడ్లు తీసేశాక మిగిలే జిగురు భాగానికే మత్తు కలిగించే గుణం ఉందని ప్రచురించారు కూడా. అంటే బగ్ ఏ మాడ్యూల్లో ఉందో తెలిసిపోయింది. ఆ మాడ్యూల్ విప్పి లోపల లైన్ పట్టుకునేవాళ్ళే లేకపోయారు.

ఎందుకు లేకపోయారంటే నాకు తోచిన కారణాలు చెప్తాను. ఢిల్లీలో రసాయనం, కలకత్తాలో జంతువుల మీద ప్రయోగం, బొంబాయిలో రోగులు. ఈ ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెట్టి, కెమిస్టు ఒక ముక్క వేరు చెయ్యగానే దాన్ని పక్కగదిలో పరీక్షించి "ఇది కాదు, అటువైపు వెళ్ళు" అని రోజూ చెప్పే ఏర్పాటు ఎక్కడా లేదు. యూనిట్ టెస్ట్ రాయకుండా ఆర్నెల్లు కోడ్ రాసినట్టు. రెండోది, ఈ మందు తీరు. ఇది వెంటనే పనిచెయ్యదు, నెమ్మదిగా ఎక్కి, నెమ్మదిగా దిగుతుంది. రోగులకి రోజుల తరబడి ఇస్తే గానీ తేడా కనబడదు. గంటలో తేల్చేసే ప్రయోగంలో ఇలాంటిది దొరకడం కష్టం. పైగా యుద్ధం, డబ్బుల్లేమి, ఆ తర్వాత దేశ విభజన. 1951లో సిద్దిఖీ పాకిస్తాన్ వెళ్ళిపోయి అక్కడి శాస్త్ర పరిశోధనా మండలిని నిర్మించాడు. వెళ్ళేముందు ఇక్కడ ఆయన చేసిన పనుల్లో వేప నుంచి నింబిన్ తీయడం కూడా ఉంది.

ఇక్కడ కాసేపు అమెరికా వెళ్దాం, అప్పట్లో బీపీకి అసలు వైద్యం ఎలా ఉండేదో చూడాలి కదా. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ కుర్చీలో కూలిపోయినప్పుడు ఆయన బీపీ 300/190. అంతకు ముందు ఏడాదే గుండె డాక్టరు బీపీ ఎక్కువుందని రాసి పెట్టాడు. కానీ ఇవ్వడానికి ఏముంది? ఉప్పు తగ్గించడం, విశ్రాంతి, నిద్రమాత్ర. ఇంకా తీవ్రమైతే వెన్ను పక్క నరాలు కత్తిరించే ఆపరేషన్ ఉండేది, లేదంటే అన్నం, పళ్ళు మాత్రమే తినే కఠినమైన పథ్యం. ప్రపంచంలోకెల్లా శక్తిమంతుడైన మనిషికి దొరికిన వైద్యం అంతే. అదే సమయంలో మన దేశంలో సర్పగంధ వేరు మాత్రలు అమ్ముతున్నారు. డెహ్రాడూన్‌లో పుట్టిన హిమాలయ కంపెనీ 1934లోనే సెర్పీనా అని ఒకటి వేసింది. బర్మాలో చిరాకుగా ఉన్న ఏనుగులకి పల్లెవాళ్ళు ఈ వేరు పెట్టడం చూసి తమ వ్యవస్థాపకుడికి ఆలోచన వచ్చిందని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. కంపెనీ కథలన్నీ ఇలాగే ఉంటాయి, గరాజ్‌లో మొదలైంది అన్నట్టు.

బొంబాయిలో రుస్తుం జల్ వకీల్ అనే గుండె డాక్టరు పదేళ్ళ పాటు ఈ మాత్రలు తన రోగులకి వాడి, చివరికి 50 మంది రోగుల లెక్కలు కూర్చి 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌కి పంపాడు. అందులో ఎక్కువ మందికి బీపీ దిగింది. పద్దెనిమిదేళ్ళుగా మన పత్రికల్లో వచ్చిన వ్యాసాలు ఎవరూ పట్టించుకోలేదు, ఇది మాత్రం పేలింది. పత్రిక లండన్‌ది కావడం ఒక కారణం అయితే, ఎంతమంది రోగులు, ఎంత మోతాదు, ఎన్ని వారాలు, ముందు ఎంత, తర్వాత ఎంత అని వకీల్ అంకెల్లో చెప్పడం ఇంకో కారణం. మన బాధ ఎప్పుడూ మొదటి కారణం గురించే పడతాం.

ఆ వ్యాసం చూసి బోస్టన్‌లో రాబర్ట్ విల్కిన్స్ అనే డాక్టరు ఇండియా నుంచి మాత్రలు తెప్పించి 1950 నుంచి వాడడం మొదలుపెట్టాడు. బీపీ దిగడంతో పాటు రోగులు ప్రశాంతంగా అయిపోవడం గమనించాడు. బాసెల్‌లో సీబా కంపెనీ అప్పటికే ఇండియా నుంచి వేర్లు తెప్పించుకుని కూర్చుంది. అక్కడ ఒకే కప్పు కింద ముల్లర్, ష్లిట్లర్ అనే కెమిస్టులూ, బైన్ అనే ఫార్మకాలజిస్టూ ఉన్నారు. స్ఫటికాల్ని వదిలేసి జిగురు మీద పడ్డారు. కెమిస్టులు విడగొట్టడం, బైన్ పరీక్షించడం. 1952లో ఒక తెల్లటి స్ఫటికం చేతికొచ్చింది. పేరు రిసర్పిన్. ఎండిన వేరులో అది ఉండేది సుమారుగా వెయ్యో వంతు. మరుసటి ఏడాదికల్లా సెర్పసిల్ అన్న పేరుతో మార్కెట్లోకి వచ్చేసింది. 1956లో హార్వర్డ్‌లో వుడ్‌వర్డ్ దాన్ని మొక్క లేకుండానే పూర్తిగా ప్రయోగశాలలో కట్టి చూపించాడు, ఆర్గానిక్ కెమిస్ట్రీ వాళ్ళు ఇప్పటికీ పాఠంగా చెప్పుకునే సంశ్లేషణ అది.

ఇప్పుడు చెప్పండి, ఇది దొంగతనమా? నాకైతే అలా అనిపించదు. సేన్, బోస్, సిద్దిఖీ, చోప్రా, వకీల్ అందరూ బహిరంగంగా ప్రచురించారు, ప్రచురించాలి కూడా. అలాగని సీబా వాళ్ళు సొంతంగా ఊడబొడిచిందీ కాదు. ఏ మొక్క, ఏ భాగం, ఏ రోగం, ఏ మోతాదు, చివరికి ఏ ముక్కలో వెతకాలి అన్నది దాకా మొత్తం స్పెసిఫికేషన్ ఇక్కణ్ణుంచే వెళ్ళింది. వాళ్ళు చేసింది ఆఖరి మైలు. ఆ మైలుకే పేటెంట్ వస్తుంది, డబ్బు వస్తుంది. ఆఫ్‌షోర్‌లో పని చేసే మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా. వకీల్‌కి మాత్రం 1957లో లాస్కర్ అవార్డు దక్కింది, వైద్యంలో నోబెల్ తర్వాత అంతటి గౌరవం. మన దేశంలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

తర్వాత జరిగినదంతా చకచకా చెప్పేస్తా, లేకపోతే ఈ టపా తెల్లారదు. న్యూయార్క్ దగ్గర రాక్‌లాండ్ స్టేట్ హాస్పిటల్‌లో నేథన్ క్లైన్ అనే డాక్టరు మానసిక రోగులకి దీన్ని ఇచ్చి 1954లో ఫలితాలు ప్రకటించాడు. పల్లెటూరి "పాగల్ కీ దవా" అక్కడ తేలిందన్నమాట. వార్డుల్లో కిటికీ అద్దాలు పగలడం తగ్గిపోయిందని అద్దాలు బిగించే పనివాడు ముందుగా గమనించాడని ఒక కథ చెప్తారు. అయితే ఆ రంగంలో రిసర్పిన్ ఎక్కువ కాలం నిలబడలేదు, దాదాపు అదే సమయంలో ఫ్రాన్స్ నుంచి వచ్చిన క్లోర్‌ప్రోమజీన్ దాన్ని దాటేసింది.

కానీ మందుగా ఓడిపోయిన చోట అది పనిముట్టుగా గెలిచింది. 1955లో అమెరికాలో బ్రోడీ బృందం, రిసర్పిన్ ఇచ్చిన జంతువుల మెదడులో సెరటోనిన్ అడుగంటిపోతోందని కనిపెట్టింది. నరాల చివర్లలో చిన్న చిన్న సంచులుంటాయి, కబురు మోసే రసాయనాల్ని ఒక పంపు వాటిలోకి నింపుతూ ఉంటుంది. రిసర్పిన్ ఆ పంపుని మూసేస్తుంది. సంచిలోకి చేరని సరుకుని కణం ముక్కలు చేసి పారేస్తుంది. సంచులు ఖాళీ అవడానికి టైం పడుతుంది కాబట్టే మందు నెమ్మదిగా ఎక్కేది. బ్రోడీ దగ్గర కొన్నాళ్ళు పనిచేసి స్వీడన్ తిరిగి వెళ్ళిన అర్విడ్ కార్ల్‌సన్ 1957లో ఇంకో అడుగు వేశాడు. రిసర్పిన్‌తో కదలక మెదలక పడి ఉన్న కుందేళ్ళకి ఎల్-డోపా అనే పదార్థం ఇస్తే, లేచి తిరగడం మొదలుపెట్టాయి. అక్కడి నుంచే డోపమైన్‌కీ పార్కిన్సన్స్ జబ్బుకీ ఉన్న లింకు బయటపడింది, ఆ జబ్బుకి ఎల్-డోపా వైద్యమూ వచ్చింది. కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్.

ఈ ఎల్-డోపా ఎక్కడ దొరుకుతుందో తెలుసా? దూలగొండి గింజల్లో! చిన్నప్పుడు ఎవరి మీదో చల్లి దురద పుట్టించాలని ప్లాన్లు వేసుకునే ఆ దూలగొండే. 1937లో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు భారతీయ శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి దీన్ని వేరు చేసి ప్రచురించారు. అప్పటికి అది దేనికి పనికొస్తుందో ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

బీపీ వైపు కూడా ఒక పెద్ద సంగతి జరిగింది. 1960ల దాకా "పెరిగిన బీపీని తగ్గిస్తే నిజంగా ఆయుష్షు పెరుగుతుందా?" అన్నదానికి గట్టి రుజువు లేదు. అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో ఎడ్వర్డ్ ఫ్రీస్ 143 మందితో ట్రయల్ పెట్టాడు. కింది బీపీ 115 నుంచి 129 ఉన్నవాళ్ళు. సగం మందికి ఉత్తుత్తి మాత్ర, సగం మందికి మూడు మందులు కలిపి. ఆ మూడింటిలో ఒకటి రిసర్పిన్. 1967లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో తీవ్రమైన ప్రమాదాలు 27, మందు వాళ్ళలో 2. బీపీకి మాత్ర వేసుకోవాలి అని ఇవాళ డాక్టరు మీకు చెప్పడానికి వెనక ఉన్న తొలి రుజువుల్లో ఇదొకటి. ఆ రుజువులో మన వేరు ఉంది.

1974లో కథ అడ్డం తిరిగింది. రిసర్పిన్ వాడిన ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువని లాన్సెట్‌లో ఒకేసారి మూడు అధ్యయనాలు వచ్చాయి. తర్వాత ఆ అధ్యయనాల్లో రోగుల్ని ఎంచుకున్న తీరే తప్పని తేలింది గానీ, పోయిన పరువు తిరిగి రాలేదు. దిగులు తెప్పిస్తుందన్న పేరు అప్పటికే ఉంది. ఆ సంబంధం కూడా అనుకున్నంత గట్టిది కాదని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. ఈలోపు దుష్ఫలితాలు తక్కువున్న మందులు వచ్చేశాయి. మన దేశంలో మాత్రం చాలా ఏళ్ళు నడిచింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా అడెల్ఫేన్ అనే బీపీ మాత్ర వాడి ఉంటే అందులో ఉన్నది ఇదే. మా తాతగారి మందుల డబ్బాలో ఉండేది, "నా సర్పగంధ" అనేవారు ఆయన. ఆయనకెలా తెలుసో మరి.

ఇప్పుడు ఇది ఎందుకు రాస్తున్నానంటే, మధ్య మధ్యలో ఒక సలహా తిరుగుతూ ఉంటుంది - బీపీ మాత్రలు మానేసి సర్పగంధ పొడి వేసుకోండి, సహజం కాబట్టి ప్రమాదం లేదు అని. ఒక చిన్న లెక్క వేద్దాం. సేన్, బోస్ చెప్పిన మోతాదు రోజుకి 40 నుంచి 60 గ్రెయిన్లు, అంటే దాదాపు రెండున్నర నుంచి నాలుగు గ్రాములు. వేరులో రిసర్పిన్ వెయ్యో వంతు అనుకుంటే రెండున్నర నుంచి నాలుగు మిల్లీగ్రాములు. ఉద్రేకంలో ఉన్న మానసిక రోగులకి 1950ల్లో ఆస్పత్రుల్లో ఇచ్చిన మోతాదు కూడా ఇలాగే మిల్లీగ్రాముల్లోకి వెళ్ళేది. పల్లె వైద్యుడి చేతి లెక్క అంత సరిగ్గా ఉందన్నమాట, నిజంగా దణ్ణం పెట్టాలి. కానీ బీపీకి డాక్టర్లు వాడినది రోజుకి 0.1 నుంచి 0.25 మిల్లీగ్రాము. పిచ్చికి వాడే కొలతలో పొడి తీసుకుని బీపీకి వేసుకుంటే అది పది రెట్లకి పైమాటే. నాడి నెమ్మదించడం, ముక్కు దిబ్బడ, కడుపులో పుండు, దిగులు, ఇంకా ఎక్కువైతే పార్కిన్సన్స్ లాంటి వణుకు. పైగా ఏ అడవిలో తవ్విన వేరు, ఎంత ముదిరింది అన్నదాన్ని బట్టి అందులో ఉండే సరుకు మారిపోతుంది. బీహార్ వేరుకీ డెహ్రాడూన్ వేరుకీ తేడా ఉందని 1930ల్లోనే గమనించారు. పనిచేసే మందు ఏదైనా మోతాదు తప్పితే విషమే, పనిచెయ్యని దానికే ఆ భయం లేదు. కాబట్టి "సహజం, ప్రమాదం లేదు" అనేవాళ్ళు నిజానికి సర్పగంధని అవమానిస్తున్నారు. ఇప్పుడు బీపీ మాత్రలు వాడుతున్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా మానడం, మార్చడం దయచేసి చెయ్యకండి.

మొక్క ఏమైందో కూడా చెప్పాలి. వేరు కావాలంటే మొక్కని పీకాలి, ఆకు కోసినట్టు కాదు. 1950ల్లో ప్రపంచమంతా కొనడం మొదలుపెట్టేసరికి అడవుల్లో తవ్వేశారు. మన ప్రభుత్వం వేర్ల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. కంపెనీలు ఆఫ్రికా వెళ్ళి దీని పెద్ద చుట్టం రౌవోల్ఫియా వొమిటోరియా అనే చెట్టుని పట్టుకున్నాయి, అందులోనూ రిసర్పిన్ ఉంది. 1990లో సర్పగంధ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం జాబితాలోకి ఎక్కింది.

రిసర్పిన్ మూసే ఆ పంపునే మూసే టెట్రాబెనజీన్ హంటింగ్టన్స్ జబ్బులో వచ్చే అదుపు లేని కదలికలకి వాడుకలో ఉంది. దాని తర్వాతి తరం మందులు రెండు 2017లో అమెరికాలో అనుమతి తెచ్చుకున్నాయి. అవి మొక్క నుంచి తీసినవి కావు, కానీ ఆ పంపుని మూస్తే ఏమవుతుందో లోకానికి చూపించింది ఈ వేరే.

అన్నట్టు, 1931లో సిద్దిఖీ తీసిన స్ఫటికాలు దండగ అయిపోలేదు. అజ్మలీన్ బీపీకి పనికిరాలేదు గానీ గుండె లయ తప్పినప్పుడు సరిచేస్తుందని తర్వాత తెలిసింది. 1992లో బ్రుగాడా సిండ్రోమ్ అని ఒక వంశపారంపర్య గుండె జబ్బుని వర్ణించారు. పైకి ఆరోగ్యంగా ఉన్న మనుషులు నిద్రలోనే పోతారు, మామూలు ఈసీజీలో చాలాసార్లు ఏమీ కనబడదు. అనుమానం ఉన్నవాళ్ళకి మానిటర్ ముందు పడుకోబెట్టి, నరంలోకి అజ్మలీన్ ఎక్కిస్తారు. జబ్బు ఉంటే కొన్ని నిమిషాల్లో ఈసీజీ గీత మారి బయటపడుతుంది. యూరప్ ఆస్పత్రుల్లో ఈ పరీక్ష ఇప్పటికీ చేస్తున్నారు. ఢిల్లీ హకీం గారి పేరు ఆ మందు సీసా మీద అలాగే ఉంది.